ఒక్కరికే నీళ్లు

మా అన్న విజయేందర్‌కు ఆఫర్ అన్న మాట కనబడితే చాలు, చేయి ఆగదు. రెండు వందల పైచిలుకు వీడియో గేమ్‌లను ఒక్క మూటగా కట్టి చవకగా అమ్ముతుంటే కొనేశాడు. పెద్ద కంపెనీలు చేసినవి కావు. ఎక్కడెక్కడివాళ్లో, ఒక్కరో ఇద్దరో ఇంట్లో కూర్చుని చేసుకున్న చిన్న చిన్న ఆటలు. కొనడం ఆయన వంతు, ఆడి చూడటం నా వంతు. బొగ్గుబాయిలో షిఫ్టు దిగి వచ్చాక తనకు ఓపిక ఉండదట. గ్రూప్స్ రాసి ఫలితాల కోసం ఇంట్లో కూర్చున్న నేనైతే ఖాళీయేనట. బాగున్నది ఉంచు, బాగాలేనిది తీసెయ్ అని చెప్పి ల్యాప్‌టాప్ నా ఒళ్లో పెట్టాడు. ఖాళీ అన్నందుకు ఆ పూట కూర గిన్నె ఆయన ముందు కొంచెం గట్టిగానే పెట్టాను. అయినా ఆడటం మొదలుపెట్టాను, ఏం చేస్తాం.

ఒకదాంట్లో నేను కప్పను, ఇంటింటికీ ఉత్తరాలు పంచాలి. ఇంకోదాంట్లో నేను బండరాయిని. రాయి ఏం చేస్తుంది? ఏమీ చేయదు. వాన పడుతుంది, ఎండ కాస్తుంది, ఒక తొండ వచ్చి నా మీద కూర్చుంటుంది. దీన్ని చేసినవాడికి పనీపాటా లేదా అని తిట్టుకున్నాను గానీ, సాయంత్రం దాకా రాయిగానే ఉన్నాను. చాయ్ హోటల్ నడిపే ఆట బాగుంది కానీ పాలు పోసినప్పుడల్లా ల్యాప్‌టాప్ ఆగిపోతోంది. దాన్ని తీసేశాను.

ఆ మూటలోనే పేరు లేని ఆట ఒకటి ఉంది. పేరుండాల్సిన చోట మూసిన తలుపు బొమ్మ మాత్రం ఉంది. తెరిస్తే రెండు గదుల ఇల్లు. పొయ్యి, బకెట్, చెంబు, దండెం మీద లుంగీ. ముందుగా తెర మీద ఇంగ్లిషులో రెండు వాక్యాలు వచ్చాయి. నీళ్లు ఒక్కరికే ఉన్నాయి, ఎవరికి తలుపు తీస్తే వాళ్లే ఇల్లు చేరతారు, అని వాటి అర్థం. పొయ్యి వెలిగించాను. నీళ్లు కాగాక తలుపు చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే హెల్మెట్ పెట్టుకున్న మనిషి, మొహమంతా నలుపు, కళ్లు మాత్రం తెల్లగా ఉన్నాయి. తలుపు తీశాను. వచ్చి స్నానం చేశాడు. నలుపంతా పోయాక చూస్తే ఎవరో తెలియని మొహం. ఇంతలో మళ్లీ తలుపు చప్పుడైంది, మెల్లగా. ఈసారి ఎంత నొక్కినా గడియ కదల్లేదు. కొట్టీ కొట్టీ ఆ చప్పుడు ఆగిపోయింది. ఇంకొకరు ఇక రారు, అని తెర మీద వచ్చింది.

నాకు ఒళ్లు మండింది. ఆడేవాళ్లను ఏడిపించడానికేనా ఆటలు చేసేది అనుకుని మూసేశాను. ఆ ఇల్లు అచ్చం మా క్వార్టర్‌లాగే ఉందని అప్పుడే అనిపించింది గానీ పట్టించుకోలేదు. గోదావరికి అవతల, ఆదిలాబాద్ దిక్కున మాదొక బొగ్గు కాలనీ. ఇక్కడి క్వార్టర్లన్నీ ఒకే అచ్చులో పోసినవి. నిద్రమత్తులో పక్కింట్లోకి పోయి, చెప్పులు విప్పి, చాయ్ అడిగినవాళ్లు ప్రతి వరుసలోనూ ఉన్నారు. బొగ్గుబాయిలు ప్రపంచమంతా ఉంటాయి, ఇలాంటి ఇళ్లూ అంతటా ఉంటాయి అనుకున్నాను.

మా బాపు కూడా బాయిలోనే పనిచేశాడు. పేరు మొగిలి. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలవడం మాకు అలవాటు. ఆయనకు ఎడమ భుజం కొంచెం కిందికి వాలి ఉండేది. షిఫ్టు దిగి వచ్చి, నల్లటి చేతులతో తలుపు ముట్టుకుంటే అవ్వ ఊరుకోదని హెల్మెట్‌తో కొట్టేవాడు. రెండు దెబ్బలు, కొంచెం ఆగి ఇంకొకటి. అవ్వ అప్పటికే నీళ్లు కాచి పెట్టేది. స్నానమయ్యాక సబ్బును చెంబులోనే వదిలేసి వచ్చేవాడు, అది కరిగి బంకబంకగా అయ్యేది. దాని మీద రోజూ ఇంట్లో పంచాయితే. నేను పదో తరగతిలో ఉండగా బాయిలో పైకప్పు కూలి బాపు పోయాడు. ఆస్పత్రి నుంచి గుడ్డలో చుట్టి తెచ్చారు. బయట పోయినవాళ్లను ఇంట్లోకి తేవద్దని పెద్దమనుషులు గేటు దగ్గరే దింపించారు. గుడ్డ విప్పే స్థితి లేదని స్నానం కూడా చేయించలేదు, పైన పసుపు నీళ్లు చల్లి తీసుకుపోయారు. అస్థికలు ధర్మపురిలో గోదావరిలో కలిపాం. బాపు ఉద్యోగం అన్నకు వచ్చింది. ఇంట్లోకి రానియ్యలేదు, ఒక్క చెంబెడు నీళ్లు పొయ్యలేదు అని అవ్వ ఇప్పటికీ అంటుంది. అంటున్నప్పుడు నా వైపు చూడదు.

ఆ ఆట చూసిన మరునాడు మధ్యాహ్నం వాన పట్టుకుంది. అన్నది మొదటి షిఫ్టు. షిఫ్టు దిగే సైరన్ మోగింది, చుట్టుపక్కల బండ్లన్నీ వచ్చేశాయి, అన్న రాలేదు. పక్కింటి కమలవ్వ వచ్చి, మనుషులను పైకి లాగే తాడు మధ్యలో ఆగిపోయిందట, అందరూ చీకట్లో నడిచి వస్తున్నారట, తన పెనిమిటి ముందే బయటపడ్డాడని చెప్పింది. ఫికర్ చేయొద్దని కూడా అంది. ఫికర్ చేయొద్దు అంటేనే గుండె జారుతుంది, ఆ మాట ఎందుకంటారో! బాయి లోపలికి ఫోన్ పోదు. మా అవ్వ ఎల్లక్క అన్న కోసం నీళ్లు పొయ్యి మీద పెట్టడం, కాగాక దింపడం, చల్లారాక మళ్లీ పెట్టడం, అదే పనిగా ఉంది.

నాకు కాలు నిలవలేదు. చేతికి ఏదో పని ఉంటే చాలని ల్యాప్‌టాప్ తెరిచాను. కప్పనో రాయినో ఆడదామనుకున్నాను, వేలు మాత్రం ఆ తలుపు బొమ్మ మీదికే పోయింది. అదే ఇల్లు. కానీ ఈసారి గడియకు ఎర్ర కరెంటు తీగ చుట్టి ఉంది. మా తలుపు గడియ ఊడిపోతే బాపు అలాగే ఎర్ర తీగతో కట్టాడు, దాన్ని అవ్వ నేటికీ మార్చనివ్వలేదు. క్వార్టర్లన్నీ ఒకటే కావచ్చు. ఆ తీగ మాత్రం మా ఇంటిదే. 

ల్యాప్‌టాప్‌లోంచి తలుపు చప్పుడు వచ్చింది. రెండు దెబ్బలు, కొంచెం ఆగి ఇంకొకటి.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అవ్వ తడి చేతులతో పరుగున పోయి మా తలుపు తీసింది. బయట వాన తప్ప ఎవరూ లేరు. మళ్లీ అదే చప్పుడు. అవ్వ వెనక్కి తిరిగి, మెల్లగా వచ్చి నా పక్కన కూర్చుంది. తెర మీద కిటికీలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తల వంచుకున్నాడు, హెల్మెట్ చేతిలో ఉంది, ఎడమ భుజం కొంచెం కిందికి ఉంది.

"మీ బాపే," అంది అవ్వ.

ఇది ఆట అవ్వా, ఉత్త బొమ్మ అని చెప్పాలనుకున్నాను. కానీ నిజం చెప్పాలంటే నాకూ తలుపు తీయాలనే ఉంది, ఎంతగా ఉందో చెప్పలేను. ఎట్లా తీయాలని అవ్వ అడిగింది. నొక్కాల్సిన మీట చూపించాను. చూపించాక ఆ రెండు వాక్యాలు గుర్తొచ్చి అవ్వ చేయి పట్టుకున్నాను. నీళ్లు ఒక్కరికేనట, ఒకరికి తీస్తే ఇంకొకరు రారట అని చెప్పాను.

"ఇంకొకరంటే ఎవరే?"

 పొయ్యి మీద అన్న కోసం పెట్టిన నీళ్లు మరుగుతున్నాయి. అవ్వ అటు చూసింది, మళ్లీ తెర వైపు చూసింది. వేలు మీట మీదే ఉంది. తలుపు మళ్లీ చప్పుడైంది. అవ్వ అసలు తలుపుతో మాట్లాడినట్టే తెరకు దగ్గరగా వంగి మాట్లాడింది.

"ఏమయ్యా, ఆ దినం నిన్ను గడప దాటనియ్యలే. గియ్యాల నేనే తీస్తలేను. నా కొడుకు ఇంకా బాయిలనే ఉన్నడు. నువ్వు లోపలికి రావద్దు. పో, పోయి వాన్ని తోల్కరా."

మీట మీది నుంచి వేలు తీసేసింది. కిటికీలోని మనిషి కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత హెల్మెట్ తలకు పెట్టుకుని చీకట్లోకి నడిచిపోయాడు. మళ్లీ చప్పుడు రాలేదు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను ల్యాప్‌టాప్ మూసి ఆమెను పట్టుకుని కూర్చున్నాను.

పొద్దు గూకే వేళకు గేటు చప్పుడైంది. అన్న వచ్చాడు, నిలువునా తడిసి, మొహం మీద నలుపు చారలుచారలుగా కారుతోంది. అవ్వ రెండు చేతులతో ఆ మొహం తడిమింది. అన్న మాత్రం వెనక్కి తిరిగి గేటు వైపు చూస్తున్నాడు.

"నా ఎన్క వచ్చిన పెద్దాయన ఏడి?" అన్నాడు.

ఎవరని అడిగితే చెప్పాడు. పైకి నడిచి వచ్చేటప్పుడు అందరికంటే వెనకబడ్డాడట. సగం దారిలో లైటు ఆరిపోయి ఎటు పోవాలో తెలియలేదట. అప్పుడు ముందు నుంచి ఎవరో హెల్మెట్‌తో గోడకు కొడుతున్న చప్పుడు వినబడింది. రెండు దెబ్బలు, ఆగి ఇంకొకటి. ఆ చప్పుడు వెంటే పైకి వచ్చాడు. ఆయన తల ఎత్తకపోవడంతో మొహం కనబడలేదట, ఎవరో పాత మనిషి, వేరే సెక్షన్ అయి ఉంటాడనుకున్నాడు. బయటికొచ్చాక బండి స్టార్టు కాక నడిచి వస్తుంటే ఆయన మా వాడకట్టు దాకా వెనకే వచ్చాడట.

"లోపలికి రా, చాయ్ తాగి పోదువని పిలిచిన. గేటుకాడనే ఆగిండు. రావద్దన్నరు అన్నడు."

అవ్వ అన్నకు నీళ్లు తోడి ఇచ్చింది, అన్నం పెట్టింది. తర్వాత మళ్లీ పొయ్యి వెలిగించింది. ఇంకో బకెట్ నీళ్లు కాచి, మోసుకుపోయి గడప బయట సజ్జ కింద పెట్టింది. పక్కన చెంబు, కొత్త సబ్బు, ఉతికిన లుంగీ పెట్టింది. అన్న ఏందని అడిగితే నేనే కళ్లతో ఊరుకోమన్నాను.

తెల్లారి తలుపు తీసింది నేనే. బకెట్ అడుగున మిగిలిన నీళ్లు నల్లగా ఉన్నాయి. మా కాలనీలో బయట ఏది పెట్టినా తెల్లారేసరికి బొగ్గు పొడి పడి నల్లబడుతుంది. అందుకు నేను భయపడలేదు. నీళ్లు అడుగంటాయి కదా అంటే కుక్కలు తాగి ఉంటాయి. లుంగీ తడిగా ఉంది, వాన జల్లు కొట్టి ఉంటుంది. సబ్బు మాత్రం పెట్టిన చోట లేదు.

వెనక నుంచి అవ్వ వచ్చి కూర్చుంది. చెంబును దగ్గరికి జరుపుకుని, అందులో వేళ్లు పెట్టి, సగం కరిగి బంకబంకగా అయిన సబ్బును బయటికి తీసింది. దాన్ని అరచేతిలో పట్టుకుని గేటు వైపు చూసింది.

"ఎన్నిమాట్ల చెప్పాలె నీకు, సబ్బు చెంబుల యిడిసిపెట్టకని," అంది.