బొట్టు కింది అంకె

నేను ఒక చిన్న రేకుముక్కను. అరచేతిలో సగం కూడా ఉండను. సరుకులు మోసే ఒక పికప్పు బండికి, డ్రైవరు తలుపు తీస్తే పక్కన కనిపించే ఇనుప స్తంభానికి, రెండు రివెట్లతో నన్ను బిగించారు. ఆ బండి ఎంత మొయ్యొచ్చో, ఎంత లాగొచ్చో నా మీద అచ్చుగుద్ది ఉంది. చాలా ఏళ్లుగా నాకొక అనుమానం. నన్ను చదవడానికి తగిలించారా, తగిలించాలి కాబట్టి తగిలించారా? తరవాత తరవాత నాకు పూజలు కూడా మొదలయ్యాక ఆ అనుమానం ఇంకొంచెం పెరిగింది. ఒకదానికి దండం పెట్టినవాళ్లు దాన్ని చదివినట్టేనా?

నేను పుట్టిన ఊరి పేరు నాకు తెలియదు. నా మీద రాయలేదు. పెద్ద షెడ్డు, పైన తెల్లటి దీపాలు, చేతికి గుడ్డ తొడుగులు వేసుకున్న ఒక అమ్మాయి. అంతే గుర్తు. ఆవిడ నన్ను బిగించి, తొడుగు తీసి, బొటనవేలితో నా అంకెల్ని ఒకసారి తడిమి చూసింది. పెదవులు కదుపుతూ నాలుగు వరసలూ చదివింది. ఆ తరవాత పదమూడేళ్ల పాటు నన్ను మళ్లీ ఎవరూ చదవలేదు.

మొదటి వరసలో బండి పుట్టుక నంబరు. రెండో వరసలో బండి వీపు మీద ఎక్కించగల బరువు. మూడో వరస అసలైనది. బండీ, అందులోని మనుషులూ, సరుకూ, వెనక కొక్కేనికి తగిలించి లాగేదీ, అన్నీ కలిపి దాటకూడని బరువు. నాలుగువేల నాలుగువందల కిలోలు. నాలుగో వరస సంగతి దాని సమయం వచ్చినప్పుడు చెబుతాను. దానికి కూడా తన సమయం కోసం చాలా కాలం ఆగవలసి వచ్చింది.

మొదటి నాలుగేళ్లు విశాఖపట్నం రేవు దగ్గర ఐసు దిమ్మలు మోశాం. అక్కడి యజమాని ముఖం నాకు సరిగ్గా తెలియదు. తలుపు తీసినప్పుడే కదా నాకు లోకం కనిపించేది! ఆయన ఎప్పుడూ హడావిడిగా ఎక్కి హడావిడిగా దిగేవాడు. ఉప్పుగాలికి నా అంచులు తుప్పు పట్టకముందే మమ్మల్ని కొల్లి సన్నిబాబు కొన్నాడు. జీలుగుమెట్ట అనే కొండమీది ఊరు ఆయనది. కొండ మీద నుంచి చింతపండు, పసుపు దింపడం, కింద చోడవరం నుంచి బియ్యం, సిమెంటు ఎక్కించడం ఆయన పని.

మనుషుల్లో నేను చూసిన మంచివాళ్లలో సన్నిబాబు ఒకడు. పొద్దున్నే స్నానం చేసి, వేణుగోపాలస్వామి పటానికి అగరువత్తి తిప్పి, స్టీరింగుకి దండం పెట్టిగానీ తాళం తిప్పడు. ఆయన భార్య వరహాలమ్మ ఇంకా శ్రద్ధగలది. దసరా రోజు బండంతా కడిగి, ఏ ఇనుములో ఏ తల్లి ఉందో అని, అద్దానికీ చక్రాలకీ కొక్కేనికీ పసుపు రాసి కుంకుమ పెట్టేది. నన్నూ మరిచిపోలేదు. ఏటా నా కింది భాగంలో, సరిగ్గా ఒకే చోట, బొట్టు పెట్టేది. చల్లగా, ఎంతో బాగుండేది. ఒక దసరా బొట్టు మీద ఇంకో దసరా బొట్టు ఎండి, అక్కడ చిన్న పొరలా కట్టింది.

సన్నిబాబులో ఒక్క లోపం ఉంది. దాని కథ కూడా చెప్పాలి.

ఆయన మమ్మల్ని కొన్న మొదటి ఏడే, వానలో చింతపండు బస్తాలు మితిమీరి ఎక్కించుకుని ఘాటీ రోడ్డు దిగుతున్నాడు. మూడో మలుపు దగ్గర బ్రేకులు కాలిపోయి పట్టు వదిలేశాయి. బండి తిన్నగా లోయ వైపు జారుతోంది. అప్పుడు ఎదురుగా నడిచి వస్తున్న గుర్రన్న తాత పరుగున వచ్చి వెనక చక్రం కింద ఒక చెక్క తోశాడు. తాతది స్వామివారి రథానికి చెక్కలు వేసే వంశం. ఊరేగింపులో రథం ఆగాలన్నా, తిరగాలన్నా చక్రం కింద మద్దిచెక్క వేసేది ఆయనే. ఆ రోజు చోడవరం వడ్రంగి దగ్గర సాపు చేయించుకుని తెస్తున్న జత చెక్కల్లో అదొకటి.

"ఇదట్టుకో బాబూ. ఇంకా నాలుగు మలుపులున్నాయి. మళ్లీ వొచ్చినప్పుడు ఇచ్చీ," అన్నాడు తాత.

సన్నిబాబు ఊరికి వచ్చి, "బ్రేకులు పోయినా స్వామే ఆపినాడు," అని అందరికీ చెప్పాడు. అది అబద్ధం అనను. స్వామి గుర్రన్న తాత చేతులతో ఆపాడని చెప్పి ఉంటే పూర్తి నిజం అయ్యేది. అలా చెప్పకపోవడంతో చెక్క తిరిగివ్వడం కష్టమైంది. నలుగురిలో ఇస్తే, ఎందుకు తీసుకున్నావని అడుగుతారు. చెబితే, మితిమీరి ఎక్కించిన సంగతి బయటపడుతుంది. తాత అడగలేదు, ఎవరితోనూ అనలేదు. తొమ్మిదేళ్లు రథోత్సవంలో ఎడమ చక్రానికి చెక్క, కుడి చక్రానికి ఏరుకొచ్చిన రాయి వేస్తూ గడిపాడు. మద్దిచెక్క మా సీటు వెనకే పడి ఉంది. సన్నిబాబు దాన్ని చూసినప్పుడల్లా గోనెపట్టా కప్పేవాడు.

తొమ్మిదో ఏడు పాత రథానికి చెద పట్టింది. గుడి కమిటీవాళ్లు చోడవరంలో కొత్త రథం చేయించారు. ఇనుప చట్రం, రబ్బరు చక్రాలు, పైన మూడు అంతస్తుల టేకు పని. మెరుగు పెట్టించడానికి పల్లకీలో దింపిన ఉత్సవమూర్తులూ అక్కడే ఉన్నారు. రెండ్రోజుల్లో కల్యాణం. స్వామివారిని కొత్త రథంలోనే కూర్చోబెట్టి, మేళతాళాలతో కొండ ఎక్కించాలని అనుకున్నారు.

"నా బండి లాగుద్ది," అన్నాడు సన్నిబాబు. అనేటప్పుడు ఆయన ఛాతీ ఎంత వెడల్పయిందో తలుపులోంచి చూశాను.

బయలుదేరే రోజు పొద్దున వరహాలమ్మ బండికి పసుపు రాస్తూ నా దగ్గర ఆగింది. ఆవిడ ఏడో తరగతి చదివింది. సంతలో చింతపండు తూకం వేసే మనిషి. అంకెలంటే బెదరదు. మూడో వరస దగ్గర వేలు పెట్టింది.

"మావా, దీని మీద నాలుగువేల నాలుగొందలని ఉందేటి?"

"రథం రెండు వేలుంటాదే. ఇంకా రెండు వేల మీద మిగల్లేదా?"

"అన్నీ కలిపి అని రాసుంది. గంప బరువు తియ్యకుండా చింతపండు తూస్తామేటి? బండిదీ, మనదీ తీసీసినాక మిగిలిందే రథానికి."

పదమూడేళ్ల తరవాత నన్నొకరు చదివారు! రివెట్లు లేకపోతే ఎగిరి గంతేసేవాణ్ణి.

అందరూ లారీలు తూచే కాటా దగ్గరికి వెళ్లారు. ముందు బండినీ, ఎక్కినవాళ్లనీ, రథం దీపాల కోసం తెచ్చిన జనరేటరునీ కలిపి తూచారు. రెండువేల మూడువందల అరవై. అంటే రథానికి మిగిలింది రెండువేల నలభై. ఖాళీ రథాన్ని ఎక్కిస్తే పదిహేడువందల ఎనభై వచ్చింది.

"ఇంకేటి! సరిపోనాది," అన్నాడు కమిటీ పెద్ద తాతబాబు.

"స్వామోరో?" అంది వరహాలమ్మ.

"స్వామోరికి బరువేటమ్మా! అపచారం. దేముణ్ణి కాటా ఎక్కిస్తావేటి?"

అప్పుడు పెద్ద అర్చకులు ఆచార్యులుగారు మెల్లగా అన్నారు: "నాయనా, స్వామికి బరువు లేదు. పంచలోహానికి ఉంది. పల్లకీ మోసిన భుజాన్ని అడుగు."

ముగ్గురు మూర్తుల్నీ, పీఠాన్నీ, గంటల్నీ, ఇద్దరు అర్చకుల్నీ రథంలో ఎక్కించారు. కాటా గుమాస్తా చెప్పులు విప్పి, కొబ్బరికాయ కొట్టి, అప్పుడు మీట నొక్కాడు. చీటీలో సరుకు పేరు రాసే గడి దగ్గర అతని కలం ఆగిపోయింది. కాసేపు ఆలోచించి ఓంకారం చుట్టాడు. రెండువేల రెండువందల తొంభై.

"రెండొందల యాభై ఎక్కువ," అంది వరహాలమ్మ. వేళ్ల మీద లెక్క కట్టి, "జనరేటరు నూటయాభై. తాతబాబుగారు దిగిపోతే సరిగ్గా సరిపోద్ది," అంది.

డప్పులవాళ్లు నవ్వారు. తాతబాబు కూడా మీసం కింద నవ్వుకుని దిగాడు. నాకు ఆవిడ మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. బడిలో నేర్చుకున్న తీసివేత ఆ రోజు ఒక ఊరికి సరిపడా పనికొచ్చింది.

అందరూ గోవింద కొట్టబోతుంటే, రథం చుట్టూ వంగి వంగి తిరుగుతున్న గుర్రన్న తాత లేచి నడుము పట్టుకున్నాడు. కొత్త రథానికి చెక్కలతో పని లేదని ఆయన్ని ఎవరూ పిలవలేదు. తానే వచ్చాడు.

"బాబూ, దీనికి బ్రేకేదీ?"

"బండికుంది కదేటి తాతా," అన్నాడు తాతబాబు.

"బండికుంది. దీనికేదీ? లాగీడానికేటి, ఎద్దయినా లాగుద్ది. మద్దెలో దిగుడొస్తే ఆపీదెవుడు?"

వరహాలమ్మ వెనక్కి వచ్చి తలుపు బార్లా తెరిచింది. మూడో వరస కింద, తన బొట్లన్నీ పొరలు కట్టిన చోట, గోటితో గీకింది. తొమ్మిది దసరాల పసుపు కుంకుమ రాలి ఆవిడ పాదాల మీద పడింది. నా నాలుగో వరస గాలి పీల్చుకుంది. కూడబలుక్కుని చదివింది. బ్రేకు లేనిదాన్ని లాగితే, దాని బరువు ఏడువందల యాభై కిలోలకు మించరాదు.

ఆవిడ గోళ్లలో ఇరుక్కున్న కుంకుమ చూసుకుంది. "నా చేత్తోనే కప్పెట్టినాను మావా," అంది.

ఆవిడ కప్పిపెట్టలేదు. ఆవిడ గౌరవించింది. గౌరవించే చెయ్యి ఎక్కడ పడుతుందో ఒకసారి చూసుకోవాలి, అంతే.

"చూడ్రా సన్నిబాబూ," అన్నాడు తాతబాబు, "నీ బండి బియ్యం లాగుద్ది గానీ బగమంతుణ్ణి లాగదేటి? ఆనాడు బ్రేకులు పోతే స్వామే ఆపినాడన్నావు. ఈ ఏళ సొయంగా ఆయనే ఎక్కినాడు. ఆపుకోడేటి?"

పాతిక మంది సన్నిబాబు వైపు చూశారు. ఊరి ముందు మాటిచ్చిన మనిషి. ఇప్పుడు కాదంటే తల వంచుకోవాలి. ఔనంటే అర్చకులూ, డప్పులవాళ్లూ, తన భార్యా, అందరూ ఆ మూడో మలుపు మీద నుంచే పోవాలి. ఆయన చెయ్యి నా పక్కన స్తంభాన్ని పట్టుకుంది. చెమట తగిలింది.

ఆయన సీటు వెనక చెయ్యి పెట్టి గోనెపట్టా తీసి, మద్దిచెక్కను అందరి ముందూ పట్టుకున్నాడు.

"ఆనాడు ఆపింది ఇది. గుర్రన్న తాత ఏసినాడు. నాను బస్తాలు ఎక్కువేసినాను. తప్పు నాది, అబద్దమూ నాదే. స్వామి సాచ్చిగా సెబుతున్నాను, నా బండి ఇలగ లాగదు."

ఆచార్యులుగారు, "పల్లకీ ఉందిగా," అన్నారు.

అప్పుడు జరిగిందంతా కన్నులపండువ. రథం చేసిన వడ్రంగులే అంతస్తులు విప్పారు. వట్టి ఇనుప చట్రాన్ని తూస్తే ఆరువందల తొంభై. దాన్ని ఖాళీ బండి వెనక తగిలించి ఒకసారి, టేకు పనిని బండి తొట్టిలో కట్టి రెండుసార్లు ఎక్కించాం. స్వామి మాత్రం పాతకాలం నుంచీ వెళ్లినట్టే భుజాల మీద, పాటలతో వెళ్లాడు. తాతబాబు పల్లకీ కొమ్ము ఒకటి తానే పట్టాడు.

సన్నిబాబు కాటా దగ్గరే చెక్క ఇవ్వబోతే గుర్రన్న తాత తీసుకోలేదు. "ఇప్పుడొద్దు. దారిలో నీకే కావాల. పైకొచ్చి ఇచ్చీ," అన్నాడు. ఆ మూడో మలుపు దగ్గర సన్నిబాబు బండి ఆపి, దిగి, చట్రం చక్రం కింద ఆ చెక్క వేసి, ఇంజను చల్లారేదాకా కూర్చున్నాడు. తొమ్మిదేళ్లలో ఆయన ఆ మలుపులో ఆగడం అదే మొదటిసారి.

మర్నాడు గుడి ముందు రథాన్ని మళ్లీ నిలబెట్టారు. నేల కొంచెం వాలుగా ఉంది. గుర్రన్న తాత అలవాటు కొద్దీ ఎడమ చక్రానికి చెక్క, కుడి చక్రానికి తన రాయి వేశాడు. సన్నిబాబు బండి తలుపు బార్లా తీసి పెట్టి వెళ్లాడు కాబట్టి అంతా చూశాను. రెండు చేతులతో చెక్క పట్టుకుని, అందరిలోనూ, తాత ముందు వంగాడు.

తాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "తొమ్మిదేళ్లు నీ కాడుంది. అరగలేదేటి?"

"నేదు తాతా. దాసినాను."

"చెక్క దాసీదానికి కాదు బాబూ," అని, తాత కుడి చక్రం దగ్గర చతికిలబడ్డాడు. తొమ్మిదేళ్లుగా వాడుతున్న రాయిని కాలితో పక్కకు తోసి, దాని చోట చెక్క పెట్టి, అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు.