ఎవరూ లేరన్న గొంతు

మా అత్త చచ్చిపోయిన మధ్యాహ్నం ముక్కుపెట్టె ఎర్రగానే వెలిగింది. ఆ మాట ముందే చెప్పాలి. యంత్రం పని చెయ్యలేదని రేపు ఎవరూ తప్పించుకోకూడదు.

ముక్కుపెట్టె అన్నది మేం పెట్టుకున్న పేరు. నగరం చెత్తంతా వచ్చిపడే గుట్ట కింద మా వీధి. ఏరేది మేము, వేరుచేసేది మేము. యూనివర్సిటీ వాళ్ళూ మున్సిపాలిటీ వాళ్ళూ చేతులు కలిపి పర్యావరణ పథకమని ఒకటి మొదలుపెట్టి, మా వీధి చివరి స్తంభానికి ఒక తెల్లపెట్టె బిగించారు. గుట్టలోంచి వచ్చే గ్యాసును అది వాసన చూస్తుంది. గాలి బాగుంటే పచ్చ, విషమైతే ఎరుపు. ఎర్రబడగానే చుట్టుపక్కల ఇళ్ళ ఫోన్లకు కబురు పోతుంది: పిల్లల్ని తీసుకుని దూరంగా వెళ్ళండి, కుదరకపోతే కిటికీలు మూసుకోండి.

ఆ రోజు గోడ అవతల కాలనీలో కిటికీలు టపటపా మూసుకున్నాయి. నా చెవులతో విన్నాను. గుట్ట మీంచి పెట్టె కనబడదు, ఎండకేమో అనుకున్నాను. మా ఫోన్లు మాత్రం మోగలేదు. వాలులో ప్లాస్టిక్ ఏరుతున్న అత్త గోతాం మీద కూలబడి, "కళ్ళు తిరుగుతున్నాయే, కాసిని నీళ్ళు తే" అంది. చెంబుతో వచ్చేసరికి ఒరిగిపోయి ఉంది. గుప్పిట్లో సీసా మూత అలాగే ఉంది.

మూడో రోజు మా ఆడపడుచు మున్సిపాలిటీ ఆఫీసుకు వెళ్ళి, మాకెందుకు కబురు రాలేదని నిలదీసింది. గుమస్తా తెర వైపు చూసి చెప్పాడట:

"ఆ వీధిలో ఎవరూ ఉండటం లేదమ్మా. సర్వేలో సున్నా అని ఉంది."

ఆడపడుచు వచ్చి ఈ మాట చెప్పగానే ఆ సున్నా ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అర్థమైంది.

కాగితాలు పట్టుకుని ఎవరొచ్చినా మా వీధిలో ఒకటే జవాబు. కాగితం వచ్చిందంటే ఇల్లు పోతుంది. రెండుసార్లు పోయింది కూడా. అందుకే గడియ పెట్టుకుని లోపల్నుంచి "ఎవరూ లేరు" అంటాం. పెట్టె బిగించకముందు వేసవిలో యూనివర్సిటీ అమ్మాయి ఒకతె సర్వేకని వచ్చి మా తలుపు కొట్టింది. "ఇంట్లో ఎవరున్నారండీ?" నేను కూతురి నోటి మీద చెయ్యి పెట్టి, "ఎవరూ లేరు" అన్నాను. బయట కలం గీకిన చప్పుడు.

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. అయినా సున్నా అంటే ఏమిటో నాకు తెలుసు. అన్నం వారుస్తున్నా, పిల్లకు తల దువ్వుతున్నా ఆ గొంతు వినబడేది. నాదే. ఒకరోజు రెండేళ్ళ నా కూతురు అత్త పడుకునే మూలలోకి తొంగిచూసి, దగ్గుతూ దగ్గుతూ, "ఎవలూ లేలు" అంది. నేను ఆ గదిలో నిలబడలేకపోయాను.

ఆ వారమే చెత్తలారీలు వచ్చే గేటుకు బ్యానరు బట్ట కట్టారు. ఖాళీ స్థలంలో పచ్చిక మైదానం, సోమవారం ప్రారంభం. ఖాళీ స్థలమంటే మా నలభై ఇళ్ళు.

చెత్త వేరుచేసే షెడ్డులో అందరం కూడాం.

"మున్సిపాలిటీ పెద్దసారు కాళ్ళమీద పడదాం" అన్నాడు సీసాల బాబాయ్. ఏ సీసా ఏ గాజో మోతను బట్టి చెప్పేస్తాడు, అందుకే ఆ పేరు.

"లేనోళ్ళ కాళ్ళూ చేతులూ ఆయనకి కనబడతాయా బాబాయ్?" అంది ఆడపడుచు.

నేనిక ఆపుకోలేకపోయాను. "తప్పు నాది. ఆ రోజు ఎవరూ లేరని చెప్పింది నేనే. అత్తని నేనే చంపుకున్నాను."

షెడ్డు మూలనుంచి ఎవరో, "నేనూ అదే చెప్పానమ్మా" అన్నారు. "మేమూ అంతే." "మా ఇంట్లో ఆరుగురం ఒకేసారి అన్నాం."

బాబాయ్ నోరు తెరిచాడు. "నలభై ఇళ్ళూ ఒకే మాట మీద నిలబడ్డామా! కుళాయి దగ్గరైనా ఎప్పుడైనా ఇలా ఉన్నామా?"

నవ్వారు. నవ్వుతూనే కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

"ఆ మాటనే తిరగేద్దాం" అంది ఆడపడుచు. "పనికి కూడా ఎవరూ లేరు. మనల్ని రాసుకునేదాకా ఒక్క లారీ ఖాళీ అవ్వకూడదు. ఒక్క చెయ్యి చెత్త ముట్టకూడదు."

సోమవారం పొద్దున్నే గేటుకు అడ్డంగా కూర్చున్నాం. బుల్‌డోజర్ ఆగింది. దాని వెనక చెత్తలారీలు ఆగాయి. మొదటి లారీ మీద పనిచేసే మా ఆయన దిగి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

పథకం నడిపే ప్రొఫెసర్ వచ్చి మెత్తగా మాట్లాడాడు. "ఇదంతా స్వచ్ఛమైన గాలి కోసమేనమ్మా."

"ఎవరి ముక్కులకి సారూ?" అంది ఆడపడుచు.

"మా సర్వే ప్రకారం ఇక్కడ జనం లేరు."

ఆయన వెనక ఫైలు పట్టుకుని, ఆ రోజు తలుపు సందులోంచి నేను చూసిన అమ్మాయి నిలబడి ఉంది. నేను పిల్లను చంకనేసుకుని లేచాను.

"అమ్మాయ్, మా తలుపు కొట్టింది నువ్వే కదూ? లోపల్నుంచి ఎవరూ లేరన్నారు. ఆ మాట అన్నదెవరో రాసుకున్నావా?"

ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. "లేదక్కా. పిల్ల దగ్గు కూడా వినబడింది. తలుపు తియ్యకపోతే సున్నా వెయ్యమన్నారు. వేశాను."

"నువ్వు మాట్లాడకు" అన్నాడు ప్రొఫెసర్.

ఆమె ఫైలు ఆయన చేతిలో పెట్టేసి మా వైపు నడిచింది.

అప్పుడు పోలీసులొచ్చారు. ఈడ్చారు, జుట్లు పట్టారు. ఆడపడుచు పెదవి చిట్లింది. కానిస్టేబులు కాగితం తీసి ఒక్కొక్కరినీ పేరూ, ఇల్లూ అడిగాడు. మున్సిపాలిటీ ఆఫీసరు పరుగున వచ్చి అతని చెవిలో, "ఆ వీధి పేరు రాయొద్దు" అన్నాడు.

"మరి ఎక్కడోళ్ళని రాయమంటారు సార్?"

"సున్నా మందికి రెండు వ్యాన్లెందుకు దొరా?" అని అరిచాడు బాబాయ్.

నా వంతు వచ్చింది. పేరు చెప్పాను, వీధి చెప్పాను.

"ఇంట్లో ఎంతమంది?"

"నలుగురం."

"నువ్వు, మొగుడు, పిల్ల. నాలుగో మనిషేది?"

"మా అత్త. గుట్ట మీద ఉంది. రాసుకో."

అతను నా మొహంలోకి చూశాడు. రాసుకున్నాడు.

వ్యాను తలుపు మూశారు. లోపల చీకటి, చెమట వాసన, పిల్ల దగ్గు. బయట అడుగుల చప్పుడు పెరిగింది. రెండో షిఫ్టు వాళ్ళూ, అవతలి గుట్ట వాళ్ళూ వచ్చేశారు. ఎవరో తలుపు మీద దబదబా బాదారు.

"లోపల ఎవరున్నారు?"

అలవాటుగా నా చెయ్యి పిల్ల నోటి మీదికి వెళ్ళింది. తీసేశాను.

"ఉన్నాం!" అన్నాను. రెండు వ్యాన్ల చీకట్లోంచీ నలభై ఇళ్ళూ అన్నాయి, "అందరం ఉన్నాం!"