నీళ్ళు పోసిన చేతి వైపు

ఎనిమిదింటికి కాలవ ఆఫీసులో కూలీల మస్టరు మీద వేలిముద్ర వేయడం, ఎనిమిదీ పదికి ధనుంజయరావు ఇంజనీరుగారి క్వార్టరు గేటు తీయడం. ఆరేళ్లుగా హన్నమ్మ పొద్దు ఇట్టాగే మొదలయ్యేది. మస్టరు లెక్కన ఆమె కాలవకట్ట మీద మట్టితట్టలు మోస్తున్నట్టు. ఆ కట్ట మొదలేదో చివరేదో కూడా ఆమెకు తెలియదు. మాచర్ల రోడ్డు మీది ఆ కాలనీలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు, నోరు తెరిచి అన్నవాళ్ళూ లేరు.

ఇంజనీరుగారి భార్య సుభాషిణికి ఏ కాలానికి ఆ పూలు కావాలి. దసరాకి గుమ్మాలకు బంతిదండలు, ధనుర్మాసంలో గొబ్బెమ్మల మీద గుమ్మడిపూలు, పుష్యంలో చామంతులు, ఎండాకాలం మల్లెలు. హాలు మధ్యలో ఇత్తడి గంగాళం నిండా నీళ్ళు, నీళ్ళ మీద రేకులతో ముగ్గు. కిటికీల్లో హార్లిక్స్ సీసాల్లో మనీప్లాంటు, వరండా పొడుగునా డాల్డా డబ్బాల్లో క్రోటన్లు, చామంతులు. అన్నీ హన్నమ్మ చేతివే. చూడవచ్చిన ఆడవాళ్ళు "ఎంత ఓపికండీ మీకు!" అంటే సుభాషిణి సిగ్గుపడేది. సిగ్గుపడాల్సిందే మరి, కాకపోతే వేరే కారణానికి.

పలనాట్లో కొన్ని ఇళ్ళలో మొక్కలు ఎండవైపు తిరగవు, నీళ్ళు పోసిన మనిషి వైపు తిరుగుతాయి. నేల గుణం అంతే. హన్నమ్మ బావి దగ్గరికి పోతే పూలన్నీ బావి వైపు, వంటింట్లోకి పోతే వంటింటి వైపు. కోసి గంగాళంలో వేసిన రేకులు కూడా ఆమె ఏ పక్క నిలబడితే ఆ పక్క ఒడ్డుకు చేరేవి. అందుకని చుట్టాలొచ్చినప్పుడు సుభాషిణి హన్నమ్మ చేతికి విసనకర్ర ఇచ్చి తన కుర్చీ వెనకాలే నిలబెట్టుకునేది. అప్పుడు పూలన్నీ సుభాషిణినే చూస్తున్నట్టు ఉండేది. తెలివంటే అదీ!

పుష్యమాసంలో ఆర్డరొచ్చింది. అయిదేళ్లు మస్టరు మీద ఉన్నవాళ్ళని పర్మనెంటు చేస్తారు. గుంటూరు నుంచి త్రికోటేశ్వరరావు అనే ఆఫీసరు వచ్చి ఒక్కొక్కరినీ విచారించి రాసుకుంటాడు.

హన్నమ్మ మొగుడు బాలశౌరి దుర్గిలో రాళ్ళు చెక్కేవాడు. చెక్కిన దుమ్మంతా ఊపిరితిత్తుల్లో చేరి రెండేళ్లుగా మంచంలో ఉన్నాడు. ఆ సాయంత్రం పెళ్ళాం మాట విని లేచి కూర్చున్నాడు.

"ఏందే, మళ్ళా చెప్పు. పర్మనెంటంటే వైద్యం కూడా వాళ్ళదేనా?"

"వైద్యం, మందులు, గుంటూరు పెద్దాసుపత్రిలో మంచం, అన్నీ వాళ్ళేనంట."

"అయితే ఇంకో పదేళ్ళు నీ తల తింటా పో" అని నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు ఆగేసరికి దీపాలు పెట్టే వేళ దాటింది.

మర్నాడు ధనుంజయరావు గేటు దగ్గరే ఆపాడు. "ఆఫీసరుగారి భోజనం మనింట్లోనే హన్నమ్మా. మొక్కలు నీ వైపు తిరిగినయ్యంటే నువ్వు కట్ట మీద లేవని తేలిపోద్ది. నీ ఉద్యోగమూ పోద్ది, నాకూ మాటొస్తది. ఆయనొచ్చేది పదోరోజు. అందాకా ఈ ఛాయలకి రామాక. అమ్మగారు నీళ్ళు పోసి తన వైపు తిప్పుకుంటది."

హన్నమ్మ జన్మలో మొదటిసారి కట్ట మీదికి పోయి తట్ట ఎత్తింది. ఇక్కడ సుభాషిణి కొంగు దోపి చెంబు పట్టింది. ఆరు రోజులు పోసింది. చామంతులు సగం మెడ తిప్పాయి కూడా. ఏడోరోజు మాచర్లలో సినిమా. ఎనిమిదోరోజు తలనొప్పి. తొమ్మిదోరోజు ఎందుకో చెంబు సంగతే గుర్తుకు రాలేదు.

తొమ్మిదోరోజు మధ్యాహ్నం కట్ట మీంచి ఇంటికి పోతూ హన్నమ్మ గోడ మీంచి తొంగిచూసింది. నిండా మొగ్గ తొడిగిన చామంతులు తలలు వాల్చేశాయి. పోకూడదని తెలుసు. గోడ పట్టుకుని చానాసేపు నిలబడింది. "అయ్యో నా తల్లులారా, గొంతెండిపోయిందటే!" అంటూ గేటు తీసేసింది. ఒక్కో డబ్బాకి ఒక్కో చెంబు. ఒక్క చెంబుకే ఏమైద్దిలే అనుకుంది. పిచ్చిది!

పదోరోజు త్రికోటేశ్వరరావు వరండాలో విస్తరి ముందు కూర్చున్నాడు. పక్కన ధనుంజయరావు. సుభాషిణి వడ్డిస్తోంది. వేలిముద్రలకు కూలీలు గేటు బయట వరసలో ఉన్నారు. హన్నమ్మ కావాలనే అందరికంటే వెనక నిలబడింది. తన వంతొచ్చి గేటు లోపల కాలు పెట్టగానే వరండాలో చామంతులన్నీ ఒక్కసారి ఆమె వైపు తిరిగాయి. క్రోటన్లు వంగాయి. హాల్లో గంగాళంలో రేకులన్నీ గుమ్మం పక్క అంచుకు చేరాయి.

"మా అమ్మ పెంచిన గన్నేరు కూడా ఇంతే" అన్నాడు ఆఫీసరు, పప్పులో నెయ్యి కలుపుకుంటూ. "ఆమెను పాడె మీద మోసుకుపోతుంటే వీధి మలుపు తిరిగేదాకా చూసింది. ఎన్నేళ్లనుంచి పోస్తున్నావమ్మా నీళ్ళు?"

హన్నమ్మ సుభాషిణి మొహంలోకి చూసింది. డ్యూటీ దిగాక సాయంత్రాలు వచ్చేది అని అమ్మగారు ఒక్క మాట అంటే చాలు. ఒక్క అబద్ధం. ఆరేళ్ల చాకిరీకి అదేం ఎక్కువ కాదు.

"పూలంటే పిచ్చండీ దానికి" అంది సుభాషిణి. "వద్దన్నా వచ్చి పడేది. కట్ట మీద పని ఎగ్గొట్టి వస్తోందని మాకేం తెలుసు?"

ధనుంజయరావు అప్పడం విరుచుకున్నాడు. త్రికోటేశ్వరరావు తెలివితక్కువవాడేం కాదు, ఎవరు ఎవరిని పిలిపించుకున్నారో ఆయనకు అర్థమైంది. కానీ తింటున్నది ఎవరి అన్నం? ఎడంచేత్తో కాగితం దగ్గరికి లాక్కుని, చెయ్యి కడుక్కొచ్చాక నాలుగు ముక్కలు రాశాడు.

"చేశానయ్యా" అంది హన్నమ్మ. "ఆరేళ్ళు ఒక్కరోజు నాగా లేదు. ఏసు సాక్షి."

"చేశావమ్మా. ఆ మాటే రాశాను. ఇక్కడ చేశావని."

ఆమె తరఫున సాక్ష్యం చెప్పింది ఆ మొక్కలొక్కటే. అవి చెప్పిన నిజమే ఆమె కొంప ముంచింది.

ఫాల్గుణంలో బాలశౌరి పోయాడు. గుంటూరు దాకా కాదుగదా, మాచర్ల బస్సు కూడా ఎక్కలేదు.

ఉగాది వారం ముందు సుభాషిణి కబురంపింది. ఇల్లు బోసిగా ఉందనీ, పండగపూట పూలు సర్దే చెయ్యి లేదనీ. ధనుంజయరావు మస్టరులో మళ్ళా పేరు రాయిస్తానన్నాడు. హన్నమ్మ వచ్చింది. రాక ఏం చేస్తుంది? గేటు తీయగానే చామంతి మోళ్ళు చివరి పూలతో, కొత్త మల్లెలు మొగ్గలతో ఆమె వైపు తిరిగాయి. ఆమె వాటి మొహం చూడలేదు.

పండగరోజు తెల్లారి పెరట్లో తలంటు నీళ్ళ కాగు కింద మంట పెట్టింది. మామిడాకుల తోరణం గుమ్మానికి కట్టింది. గంగాళంలో వేపపూత, మల్లెలు పరిచింది. కాగు తెర్లడం మొదలైంది.

"నీళ్ళు కాగినయ్యా హన్నమ్మా?" అని లోపల్నుంచి సుభాషిణి కేకేసింది.

"కాగినయ్యమ్మా."

హన్నమ్మ కాగులో చెంబు ముంచింది. కోపం ఎవరి మీదో ఆమెకు బాగా తెలుసు, కానీ చెయ్యి అందేది మొక్కలకే. ఆవిర్లు కక్కుతున్న చెంబు పట్టుకుని వరండాలోకి నడిచింది. మొదటి డబ్బాలో చామంతి ఎప్పట్లాగే నీళ్ళకోసం మెడ చాపింది.

"చూడండే" అంది. "బాగా చూడండి."

ఒక్కో డబ్బాకి ఒక్కో చెంబు పోసింది. చివరి డబ్బాలో మల్లెమొక్క ఆకులు ముడుచుకుపోయేదాకా ఆమె వైపే తిరిగి ఉంది. తర్వాత ఆమె మిగిలిన నీళ్ళు చన్నీళ్ళతో తొలిపి స్నానాలగదిలో పెట్టి, అమ్మగారికి కేకేసింది.