విప్పని ఉత్తరం

నగరపాలక కార్యాలయంలో జనన మరణాలు నమోదు చేసే గుమాస్తాకు తోటివాళ్ళు పెట్టిన పేరు ఫ్రెంచి దొరసాని. కాలేజీలో ఆమె ఫ్రెంచి సాహిత్యం తీసుకున్నప్పుడు, "అది కూడు పెడుతుందా, గుడ్డ పెడుతుందా?" అన్నాడు తండ్రి. పాపం, ఆయన మాటే నెగ్గింది. ఉద్యోగం వచ్చిన ఈ తొమ్మిదేళ్ళలో ఆ చదువు అటకెక్కి కూర్చుంది.

ఆ రోజు మధ్యాహ్నం పై అధికారి ఒక కవరు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

"ఓడరేవులో మూటలు మోసే కూలీ. గుండె ఆగి చనిపోయాడు. మూడు రోజులైనా ఎవరూ రాలేదు. జేబులో ఇదొక్కటే ఉంది, పైన రాత ఫ్రెంచిలో ఉంది. నాలుగింటికి మనమే పూడ్చాలి. నీ ఫ్రెంచికి ఇన్నాళ్ళకి పని పడిందమ్మా."

కవరు అంచులు చెమటకు నాని మెత్తబడ్డాయి. తపాలా ముద్ర ఏడాది కిందటిది. అంటించింది అంటించినట్టే ఉంది. ఆమె మెల్లగా చింపి చదివింది. రాసింది తల్లి. "తప్పు నాదే నాయనా. నిన్ను గుమ్మం దాటి పొమ్మన్నది నా పాడు నోరే. ఇంటికి రా." కింద ఫోన్ నంబరు.

ఫోన్ చేసి, కొడుకు పేరు అడిగి రూఢి చేసుకుని, చావు కబురు చెప్పింది.

"నా ఉత్తరం చదివాడా, అమ్మాయీ?"

చదివాడనడం ఎంతసేపు? కానీ చదివీ రాలేదంటే ఆ తల్లి ఏమైపోవాలి? చదవలేదంటే మాత్రం తట్టుకోగలదా? ముందు నుయ్యి, వెనక గొయ్యి. అన్ని నవలలు చదివిన మనిషికి ఒక్క మెత్తని మాట తోచలేదు. నిజమే చెప్పింది.

"విప్పలేదమ్మా. కానీ పారెయ్యలేదు. చొక్కా జేబులోనే పెట్టుకున్నాడు."

"మళ్ళీ తిట్టాననుకుని ఉంటాడు. భయపడి ఉంటాడు." ముసలామె గొల్లుమంది. కాసేపటికి, "మా మాట చక్కగా పలుకుతున్నావు. నువ్వే వాడికి చదివి వినిపించు తల్లీ. తొందరపడకు. వాడికి నెమ్మదిగా చెబితేనే తలకెక్కుతుంది," అంది.

మూడున్నరకు మార్చురీలో కాపలాదారు శవం ముఖం మీది దుప్పటి తొలగించాడు. ఆమె చదివింది. రెండుసార్లు తడబడి, ఆ వాక్యం మళ్ళీ మొదటినుంచి నెమ్మదిగా చదివింది.

"ఏముందమ్మా అందులో?"

"ఇంటికి రమ్మంటోంది, వాళ్ళమ్మ."

కాపలాదారు గోడ గడియారం వైపు చూశాడు.

"ఇంకా పావుగంట ఉంది. మరోసారి చదవండి," అన్నాడు.