కూలీ జంట

గద్వాలలో మూతబడ్డ పత్తి జిన్నింగ్ మిల్లును ఊడ్చి, సున్నం కొట్టించి, రాఘవేందర్ అందులో తన ప్రదర్శన పెట్టాడు. బరోడాలో చదువుకొచ్చిన ఆర్టిస్టు. పాలమూరు నుంచి గుంపులుగా పోయి దేశమంతా డ్యాములు కట్టిన కూలీల చరిత్ర ఇదనీ, తన తాత కూడా ఆ గుంపుల్లో ఒక కూలీయేననీ గోడ మీద రాయించాడు. చూడడానికి హైదరాబాదు నుంచే కాదు, ఢిల్లీ నుంచి కూడా మనుషులు వస్తున్నారు.

వచ్చినవాళ్లకు ఇంగ్లీషులో చెప్పే పని మానసది. వడ్డేపల్లి పక్క ఊరి పిల్ల, వనపర్తిలో డిగ్రీ అయిపోయింది. ప్రదర్శన ఢిల్లీకి పోయినప్పుడు నిన్నూ తీసుకుపోతానని రాఘవేందర్ మాటిచ్చాడు. మానస నాయినమ్మ మల్లమ్మ వయసులో ఉండగా ఒడిశా దిక్కు డ్యాం పనికి పోయిందని తెలిసి, ఢిల్లీవాళ్లు వచ్చే రోజున అవ్వను తీసుకురమ్మన్నాడు.

మల్లమ్మ సంబరంగా బయల్దేరింది. మనవరాలు నౌకరీ చేసే చోటు చూడాలని ఆమెకెప్పటి నుంచో ఆశ.

"నన్నేం అడుగుతరే?" అంది బస్సులో.

"డ్యాం కాడ ఎట్ల కష్టపడ్డవో చెప్పవ్వా. ఏడుపొస్తే ఏడువు, తప్పేం లేదు."

మిల్లు లోపల ఇనుప తట్టలు తాళ్లకు వేలాడుతున్నాయి. ఎక్కడి నుంచో రాళ్లు కొట్టే చప్పుడు వస్తోంది. మల్లమ్మ అన్నీ తలూపుతూ చూసింది. చివరి గోడ దగ్గర ఆగిపోయింది.

గోడంత ఫొటో. నెత్తి మీద తట్టతో పద్దెనిమిదేళ్ల పిల్ల. అది తనే. పక్కన తలగుడ్డ, మెలేసిన మీసంతో ఒక మగమనిషి. కింద 'కూలీ జంట' అని రాసుంది.

"ఈడు కేశవులు మేస్త్రి!" అంది మల్లమ్మ.

పెళ్లయిన ఏడాదే ఆమె, మొగుడు బుడ్డన్న ఆ మేస్త్రి గుంపులో పోయారు. బండలు పేలుస్తుంటే ఒకటి బుడ్డన్న నడుం మీద పడింది. దవాఖానకు తీసుకుపోతానంటే మేస్త్రి లారీ ఇవ్వలేదు. పొద్దుగూకేదాకా అరిచి అరిచి బుడ్డన్న చచ్చిపోయాడు. డ్యాం కట్టలోనే పూడ్పించాడు మేస్త్రి. తెల్లారి ఆ చోటు మీదనే మల్లమ్మతో మట్టి పోయించాడు. అప్పటికి ఆమె కడుపుతో ఉంది. పారిపోతే పట్టి తెప్పించి, గుడిసె గుంజకు కట్టేసి, గుండు కొట్టించాడు.

ఇదంతా ఆమె అక్కడే, ఆ ఫొటో ముందు నిలబడి చెప్పింది. ఎప్పుడూ ఎవరికీ ఇంత వివరంగా చెప్పింది లేదు. కొడుక్కి కూడా, మీ నాయిన పని కాడ పోయిండు అని మాత్రమే చెప్పింది.

చెప్పడం ఆపి రాఘవేందర్ దిక్కు తిరిగింది. "గీ ఫొటో నీకెక్కడిది, సారూ?"

"మా తాత పెట్టెల దొరికింది."

"మీ తాతెవరు?"

రాఘవేందర్ తల తిప్పుకుని ఢిల్లీవాళ్ల దిక్కు చూశాడు. మల్లమ్మ అతని మొహం చూసింది, గోడ మీది మొహం చూసింది. ఇంక అడగలేదు.

ఢిల్లీ నుంచి వచ్చినామె, అవ్వ ఏమంటోందని మానసను అడిగింది. రాఘవేందర్ గొంతు తగ్గించి తెలుగులో అన్నాడు. "మానసా, చూసి చెప్పు. ఢిల్లీ సంగతి కూడా యాది పెట్టుకో."

మానస ఇంగ్లీషులో చెప్పింది: ఇతను తన భర్త అంటోంది. డ్యాం దగ్గర బండ పడి చనిపోయాడట. ఇన్నేళ్లకు మళ్లీ ఇప్పుడే ఆయన మొహం చూడడమట.

ఢిల్లీ ఆమె కళ్లు తుడుచుకుని మల్లమ్మను గట్టిగా కౌగిలించుకుంది. మల్లమ్మ కూడా ఏడ్చింది. ఇన్నాళ్లకు తన మాట ఒకరు విన్నారు. ప్రదర్శన గురించి రాయడానికొచ్చిన పేపరతను కెమెరా తీస్తే, ఎవరూ అడగకముందే ఫొటో పక్కన నిలబడి, మేస్త్రి మొహం మీద వేలు పెట్టింది.

"ఈడే," అంది. "మంచిగ తియ్యి. అందరు చూడాలె."

పోయేముందు రాఘవేందర్‌ను మళ్లీ అడిగింది. "ఆ దినం నా ఈ పక్కన బుడ్డన్న నిలబడె. నా పెనిమిటి. ఆయన ఫొటో నాకింకోటి లేదు. ఆ ముక్క ఏది?"

"చెదలు తిన్నయవ్వా."

మొత్తం ఫొటో రాఘవేందర్ కంప్యూటర్లో ఉంది. ఎండకు కళ్లు చిట్లించి నవ్వుతున్న బక్క పిలగాడిని మానస అందులో చూసింది. అప్పుడు అతనెవరో ఆమెకు తెలియదు. ఇప్పుడు తెలిసింది. అయినా అవ్వ చెయ్యి పట్టుకుని బస్టాండుకు నడిపించింది.

ఆ వారమే మానస ఢిల్లీ రైలెక్కింది. ఆ రోజు పొద్దుగూకాక మల్లమ్మ పత్తి చేను నుంచి ఇంటికొచ్చేసరికి లోపల ఊదుబత్తి వాసన. కొడుకు తిమ్మప్ప గోడ ముందు నిలబడి ఉన్నాడు. 'మల్లమ్మ, ఆమె భర్త' అని పేపర్లో వచ్చిన బొమ్మను వడ్డేపల్లి స్టూడియోలో పెద్దది చేయించి, అద్దం కట్టించాడు. మేస్త్రికి బంతిపూల దండ వేశాడు. నుదుట బొట్టు పెట్టాడు.

"నాయిన మొకం ఎట్లుంటదో నాకిన్నేండ్లు తెల్వదమ్మా," అన్నాడు. "గింత దర్జాగ ఉండెనా? ఒక్కనాడన్న చెప్పకపోతివి."

మల్లమ్మ దండ తెంపబోయింది. తిమ్మప్ప చెయ్యి పట్టుకున్నాడు.

"వాడు మీ నాయిన కాదురా! మీ నాయినను చంపినోడు!"

తిమ్మప్ప తల్లిని కాసేపు జాలిగా చూసి, కూతురికి ఫోన్ చేశాడు. "పాపా, అవ్వ గిట్లంటుంది. నిజమేనా?"

అవతల నుంచి రైలు చప్పుడు వినపడుతోంది.

"అవ్వకు మతి సరిగ లేదు నాయినా," అంది మానస. "ఆడ కూడ తికమకగ మాట్లాడింది. జర దవాఖానల చూపియ్యి."

మల్లమ్మ ఫోన్ గుంజుకుంది. "నేను చెప్పింది నీకు ఇనపడలేదా బిడ్డా? నా పక్కనే ఉంటివి గద?"

"సిగ్నల్ లేదవ్వా, మళ్ల చేస్త," అని మానస పెట్టేసింది.

మల్లమ్మ బయటికి పోబోయింది. తిమ్మప్ప పోనివ్వలేదు. చిన్నపిల్లను తెచ్చినట్టు మెల్లగా ఫొటో ముందుకు తెచ్చాడు.

"మొక్కమ్మా. రోజు మొక్కితే నీకే యాదికొస్తది."

ఆమె పిడికిళ్లు బిగించింది. అతను వాటిని విడదీసి, తన చేతులతో రెండు అరచేతులూ కలిపి, నొసటి దాకా లేపాడు. ఆమె పెనుగులాడింది. కొడుకు చేతులు బలమైనవి.