ఒంటి చేతి మీటలు

నా కోపం గురించి మా ఆవిడని అడిగితే అరగంట చెబుతుంది. షాపుకి వచ్చేవాళ్ళని అడిగితే ఇంకో అరగంట కలుపుతారు. నలభై ఏళ్ళ కిందటి ఇంటి కంప్యూటర్లు బాగుచేసేవాడు ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే కాబట్టి చీవాట్లు తిని మరీ వస్తారు. టీవీకి తగిలించుకుని వాడుకున్న రోజుల నాటి మిషన్లవి. కంప్యూటరూ కీబోర్డూ ఒకే డబ్బాలో ఉంటాయి.

నా దగ్గర ఒక రూళ్ళ పుస్తకం ఉంది. చేతిలో పడ్డ ప్రతి మిషన్ కీబోర్డునీ అందులో గీసి పెట్టాను. ఇప్పటికి నలభై రెండు. ఒకదానికి రబ్బరు మీటలు, నొక్కితే నమిలిన చూయింగ్ గమ్ము మీద వేలు పెట్టినట్టుంటుంది. ఒకదానికి అసలు మీటలే లేవు, ప్లాస్టిక్ పొర మీద గళ్ళు గీసి ఇదే కీబోర్డు పొమ్మన్నారు. ఒక మహానుభావుడు అక్షరం తుడిపే మీట పక్కనే మిషన్ మొత్తాన్ని మళ్ళీ మొదలెట్టే మీట పెట్టాడు. వేలు జారిందా, పొద్దుట్నుంచీ కొట్టిందంతా గోవిందా! ఏ మీట ఎక్కడుంది, ఎంత లోతు దిగుతుంది, వేలు ఎంత దూరం సాగాలి, అన్నీ పోల్చి పదికి ఇన్నని మార్కులు వేశాను. ఎవరైనా కాదంటే వాదనకి దిగుతాను. ఇంతవరకూ ఓడిపోలేదు. నా ఎదుటివాళ్ళు విసుగెత్తి మధ్యలోనే లేచిపోతారు.

మంగళవారం పొద్దున్న లైబ్రరీ ఆవిడ వచ్చింది. మా వీధి చివరి లైబ్రరీలో పుస్తకాలిచ్చే కౌంటర్ దగ్గర కూర్చుంటుంది. యాభై దాటి ఉంటాయి. మిషన్ని కుడి చంకలో ఇరికించుకుని, మోకాలితో తలుపు తోసుకుంటూ లోపలికి వచ్చింది. నాకు ఒళ్ళు మండింది.

"పాత పేపర్ల కట్ట అనుకున్నారా అది? రెండు చేతులా పట్టుకుని తేకూడదూ?" అని కసిరాను.

"పొరపాటేనండీ," అంటూ మెల్లగా బల్ల మీదకి దించింది. "మా నాన్న మిషను. ఆరేళ్ళయింది, ఆన్ అవటం లేదు. నాకు ఆదివారానికి కావాలి. అందులో మా నాన్న కొంచెం..."

"అదంతా నేను చూసుకుంటాను లెండి," అని రసీదు రాసి ఇచ్చేశాను. నాకు మిషన్ని చూడటమే తప్ప మనిషిని చూడటం అలవాటు లేదు. ఆవిడ ఎడమ చెయ్యి కోటు జేబులోంచి బయటికే రాలేదన్న సంగతి నా కంట పడలేదు.

ఆ మధ్యాహ్నం డబ్బా విప్పాను. కరెంటు దగ్గర రెండు భాగాలు కాలిపోయాయి, అంతే. గంట పని. కానీ కీబోర్డు చూసేసరికి తల తిరిగిపోయింది. మీటల మీది ఇంగ్లీషు అక్షరాలన్నీ తారుమారు. ఎడమ అంచున ఉండాల్సిన 'ఎ' వెళ్ళి కుడి పక్కన కూర్చుంది. కిందకి తిప్పి చూద్దును కదా, ప్రతి మీట నుంచీ కరెంటు పోయే దారి తెంచేసి, సన్నటి వైర్లతో ఇంకో దారికి అతికించి ఉంది. ఇరవై ఆరు వైర్లు! ఎవడో తలతిక్క మనిషి బంగారం లాంటి మిషన్ని నాశనం చేశాడనుకున్నాను.

మా పనిలో మొదటి పాఠం ఒకటుంది. ఏది విప్పినా, విప్పే ముందు ఉన్నదున్నట్టు బొమ్మ గీసుకోవాలి. నా దగ్గర పని నేర్చుకున్న వాళ్ళందరికీ నేనే చెప్పాను, గీయని వాళ్ళని బెంచీ దగ్గర్నుంచి లేపేశాను కూడా. ఆ రోజు మాత్రం నేను గీయలేదు. కంపెనీ అమరిక నాకు కంఠతా వచ్చు, తప్పుని గీసి పెట్టుకోవడం దేనికి అనుకున్నాను. మీటలన్నీ ఊడబెరికి సబ్బునీళ్ళ గిన్నెలో పడేశాను. వైర్లన్నీ పీకి చెత్తడబ్బాలో వేశాను. తెగిన దారులు ఒక్కొక్కటే అతికించి, తెల్లగా మెరిసే మీటల్ని వాటి వాటి చోట్లలో బిగించాను. రెండు రోజులు పట్టింది. అంత శుభ్రంగా ఎప్పుడూ చెయ్యలేదని నన్ను నేనే మెచ్చుకున్నాను.

శుక్రవారం లైబ్రరీ ఆవిడ వచ్చింది. టీవీ మీద మిషన్ వెలగగానే ఆవిడ మొహం కూడా వెలిగింది. స్టూలు లాక్కుని కూర్చుంది. కుడి చెయ్యి మీటల మీద పెట్టి, కీబోర్డు వంక చూడకుండా ఎదురుగా గోడని చూస్తూ గబగబా కొట్టింది. తెర మీద పొంతన లేని అక్షరాలు పడ్డాయి. తుడిపి మళ్ళీ కొట్టింది. మళ్ళీ అంతే. అప్పుడు తల వంచి మీటల్ని చూసింది.

"ఇవి ఎవరు మార్చారు?"

"మార్చడం కాదమ్మా, సరిచేశాను. ఎవడో తలతిక్క మనిషి కింద వైర్లన్నీ..."

"ఆ తలతిక్క మనిషి మా నాన్నండీ," అంది. గొంతు పెంచలేదు. జేబులోంచి ఎడమ చెయ్యి తీసి బల్ల మీద పెట్టింది. సన్నగా ఉంది, వేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి. "చిన్నప్పుడు జ్వరం వచ్చి ఇలా అయింది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా నాన్న ఈ మిషన్ కొని, నా కుడి చేతికి అందేలా అంతా మార్చేశాడు. ఆయన రేడియో మెకానిక్కు. వారం రోజులు షాపు మూసి చేశాడు."

మంగళవారం నేనన్న మాట గుర్తొచ్చింది. రెండు చేతులా పట్టుకుని తేకూడదూ అన్నాను. భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది.

"కాగితం మీద ఎక్కడన్నా రాశారా ఆయన?" అని అడిగాను.

"లేదండీ. ఆయనా లేడు." ఎడమ చెయ్యి మళ్ళీ జేబులో పెట్టుకుంది. "మా తమ్ముడి కూతురికి తొమ్మిదేళ్ళు. మొన్న వేసవిలో బస్సు ప్రమాదంలో ఎడమ చెయ్యి మోచేతి దాకా పోయింది. అప్పట్నుంచీ బడికి వెళ్ళదు, ఏది చెయ్యమన్నా నాకు రాదంటుంది. అందరూ ఏం ఫరవాలేదు, ఏం ఫరవాలేదు అంటుంటే దానికి మంట. నాకోసం మీ తాతయ్య ఒంటి చేత్తో కొట్టే కంప్యూటర్ చేశాడే, అది నీకిస్తానన్నాను. అబద్ధం అంది. ఆదివారం వచ్చి చూడవే అన్నాను. చూసి ఇది అందరికీ ఉండేదే అనుకుందంటే ఇంక నా మాట కూడా నమ్మదు."

చెత్తడబ్బా బోర్లించాను. ఇరవై ఆరు వైర్లూ ఉన్నాయి. ఏది ఏ మీటదో నాకే కాదు, ఎవరికీ తెలీదు.

"సరే, మీరు చెప్పండి. నేను రాసుకుంటాను. 'ఎల్' ఎక్కడుండేది?"

ఆవిడ ఆలోచించింది. "తెలీదు."

"'ఎమ్'?"

"కుడి పక్క... కాదేమో. తెలీదండీ."

"ముప్పై ఏళ్ళు కొట్టి తెలీదంటారేమిటి!" అనేశాను. చూడండి, అంత తప్పు చేసినవాణ్ణి, అప్పుడు కూడా నా నోరు ఊరుకోలేదు.

లోపల్నుంచి మా ఆవిడ టీ తెచ్చింది. గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నట్టుంది. "ఆవిణ్ణెందుకు కసురుతారు? జడ అల్లేటప్పుడు ఏ పాయ ముందో చెప్పమంటే నేను మాత్రం చెప్పగలనా? అల్లమంటే అల్లుతాను," అంది. వెళ్ళి తువ్వాలు తెచ్చి కీబోర్డు మీద కప్పింది. "చూడకు చెల్లీ. నీకు అలవాటైన మాటలేవో కొట్టు. కొడుతూ పైకి చెప్పు. మీరు నోరు మూసుకుని రాసుకోండి."

ఆ చివరి మాట నాకు.

ఆవిడ తువ్వాలు కిందకి చెయ్యి పోనిచ్చి కళ్ళు మూసుకుంది. "నాన్న బెంచీ దగ్గర్నుంచి కేకేసేవాడు. ఏ రేడియోకి ఏం రోగమో చీటీలు కొట్టేదాన్ని. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో," అంది. తర్వాత గొంతు మార్చింది, మెకానిక్కు గొంతన్నమాట. "రాయమ్మా. పాట రావటం లేదు, గురక వస్తోంది. రాయి. ఎత్తు మీంచి పడింది, పడలేదంటున్నారు. రాయి. దీనికేం కాలేదు, ప్లగ్గు పెట్టలేదు."

మా ఆవిడ పక్కున నవ్వింది. తెర మీద మాత్రం తలా తోకా లేని అక్షరాలు బారులు తీరుతున్నాయి. కానీ ఆవిడ నోటి వెంట ఏ మాట వస్తోందో నాకు తెలుసు, తెర మీద ఏ అక్షరం పడుతోందో కనబడుతోంది. రెండూ పక్కపక్కన రాసుకుంటే చాలు, ఏ మీట మీద ఏ అక్షరం ఉండేదో తేలిపోతుంది. 'పి' ఇక్కడ. 'ఎల్' ఇక్కడ. నా పెన్సిల్ పరిగెత్తింది. నలభై చీటీలు కొట్టించాను. చివరి చీటీ కొట్టి చెయ్యి తీసి, "గట్టిగా కొట్టకు తల్లీ, మెల్లగా నొక్కు అనేవాడు," అని కళ్ళు తుడుచుకుంది.

ఆవిడ వెళ్ళాక ఆ కాగితం ముందేసుకుని చాలాసేపు కూర్చున్నాను. తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే అడుగడుక్కీ 'ఎ' వస్తుంది. కంపెనీ వాడు దాన్ని ఎడమ చిటికెన వేలి కింద పెట్టాడు, ఉన్న పది వేళ్ళలో చేతకానిది అది. ఈయన కుడి చూపుడువేలి కింద పెట్టాడు. దాని చుట్టూ 'ఐ', 'యు', 'ఎన్', 'ఎల్'. ఎక్కువ వచ్చేవి దగ్గరగా, తక్కువ వచ్చేవి దూరంగా. కూతురి చెయ్యి ఎంత సాగుతుందో కొలిచి మరీ పెట్టాడు. నేను నలభై రెండు మిషన్లు పోల్చి మార్కులు వేశాను, ఇది ఎవరి చేతికి అని ఒక్కసారీ అడగలేదు. సిగ్గేసింది నాకు.

శనివారమంతా కూర్చుని, అతికించిన దారులన్నీ మళ్ళీ తెంచి, ఆ పాత వైర్లతోనే కలిపి, పైన మీటల్ని కూడా ఆ ప్రకారమే మార్చి పెట్టాను. మూడు మీటలు మిగిలిపోయాయి. 'క్యూ', 'ఎక్స్', 'జెడ్'. రేడియో రోగాల్లో వాటి అవసరమే పడలేదు. మూడు చోట్లూ ఎడమ అంచున ఖాళీగా ఉన్నాయి, ఏది ఎక్కడిదో మాత్రం తెలీదు. ఊహించి పెట్టేస్తే ఎవరికీ తెలియదు. పెట్టబుద్ధి కాలేదు.

ఆదివారం మేనత్తా మేనకోడలూ వచ్చారు. ఆ పిల్ల ఖాళీ చొక్కాచెయ్యిని జేబులో దోపుకుంది, అచ్చం వాళ్ళ అత్తలాగే. స్టూలెక్కి కూర్చుని కీబోర్డుని అటూ ఇటూ చూసింది. వేలితో ఖాళీ చోట్లు చూపించింది.

"ఇక్కడేం లేవేం?"

లైబ్రరీ ఆవిడ ఏదో చెప్పబోయింది. నేనే అందుకున్నాను. "నేను పాడుచేశానమ్మా. మీ తాతయ్య మీ అత్త కోసం చేసినదాన్ని ఏమీ తెలుసుకోకుండా పీకేశాను. మీ అత్త చెయ్యి గుర్తుంచుకున్నంత వరకూ తిరిగి పెట్టాను. ఈ మూడూ ఎక్కడివో ఎవరికీ తెలీదు. తప్పు నాది."

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. "ఏం ఫరవాలేదు అని మీరు చెప్పలేదే," అంది.

"ఫరవా ఉంది కాబట్టి."

అప్పుడు చెయ్యి మీటల మీద పెట్టింది. అత్త చెబుతుంటే ఒక్కో వేలూ ఎక్కడ పెట్టాలో చూసుకుంది. కాసేపటికి తెర మీద అత్త అని పడింది. ఇంకాసేపటికి అబద్ధం కాదు అని పడింది. మధ్యలో రెండు తప్పులున్నాయి. లైబ్రరీ ఆవిడ పక్కకి తిరిగింది.

"దీంట్లో ఆటలు ఉంటాయా?" అని అడిగింది పిల్ల.

"ఉంటాయి. చాలా ఆటల్లో 'జెడ్' నొక్కితే ఎడమకి, 'ఎక్స్' నొక్కితే కుడికి వెళ్తుంది."

"అయితే అవి అంత దూరాన ఎందుకు? ఇక్కడ పెట్టండి." బొటనవేలు చాపి కింది వరసలో రెండు మీటలు చూపించింది. అక్కడ 'ఎఫ్', 'డబ్ల్యూ' ఉన్నాయి. తాతయ్య పెట్టినవి.

నేను లైబ్రరీ ఆవిడ వంక చూశాను. రెండు రోజుల కిందట కళ్ళు మూసుకుని, ఏడ్చి, నవ్వి వెనక్కి తెచ్చుకున్న అమరిక అది. ఆవిడ ఆ రెండు మీటల్నీ ఒకసారి వేలితో నిమిరింది.

"జరపండి," అంది. "నాన్నే ఉంటే ఆయనే జరిపేవాడు."

ముందు కాగితం మీద ఉన్నదున్నట్టు బొమ్మ గీశాను. పిల్ల చెయ్యిని ఆ పక్కనే ఆనించి, వేళ్ళు ఎంతవరకూ వస్తున్నాయో పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. తర్వాత టంకం వేడి చేసి, వైర్లు తీసి, కొత్త చోట్లకి కలిపాను. 'ఎఫ్', 'డబ్ల్యూ' ఎక్కడికి పోవాలో, 'క్యూ' ఎక్కడో కూడా తనే చెప్పింది. 'జెడ్' నొక్కి చూసి, "ఆ, ఇప్పుడు బాగుంది," అంది. వేసవి తర్వాత ఆ పిల్ల బాగుందనడం అదే మొదటిసారని వాళ్ళ అత్త తర్వాత మా ఆవిడతో చెప్పిందట.

వెళ్ళేటప్పుడు అత్త మిషన్ అందుకోబోతే పిల్ల ఇవ్వలేదు. కుడి చంకలో ఇరికించుకుని, తుంటి మీద ఆనించుకుని గుమ్మం వైపు నడిచింది. నా నోరు అలవాటుగా తెరుచుకుంది.

పిల్ల వెనక్కి తిరిగి నన్ను చూసింది. "పడెయ్యను లెండి," అంది.

నోరు మూసుకుని, వెళ్ళి తలుపు తీసి పట్టుకున్నాను.