నంబరు కలిపితే తొమ్మిది

మూడు రోజులుగా మొగుడూ పెళ్ళాలకు అదే గొడవ. మోకాళ్ళ వైద్యానికి వారం వారం కొండాపూర్ నుంచి ఊళ్ళోకి ఆటోలో వెళ్ళడం తల్లికి కష్టంగా ఉందని, పార్థసారథి జీపులాంటి పాత బండి ఒకటి చూశాడు. కంపెనీ ఆ రకం చేయడం ఎప్పుడో మానేసింది.

"రేపేదైనా విరిగితే సామాను ఎక్కడ తెస్తారండీ?" అంది కనకలక్ష్మి.

"నంబరు కలిపితే తొమ్మిది వచ్చింది. రంగు కూడా మనకు పడుతుందన్నారు సిద్ధాంతిగారు."

"బానెట్ ఎత్తి చూడమంటే పంచాంగం చూపించుకొచ్చారా?"

బండి తెచ్చిన మెకానిక్ రామచంద్రం నవ్వాడు. "ఫికర్ చెయ్యకుండ్రి అమ్మా. పాత బండ్లు ఇప్పేటోళ్ల దగ్గర ఎతికితే దొరుకుతది."

"విన్నారా? ఇక ఆదివారాలన్నీ ఎతుకులాటే."

పార్థసారథి తల్లిని చెయ్యి పట్టుకుని బండి దగ్గరికి తీసుకొచ్చాడు. మెట్టు చాలా ఎత్తుగా ఉంది. ఆవిడ రెండుసార్లు కాలెత్తబోయి ఆగిపోయింది.

"పీట వేద్దాం," అన్నాడతను.

"ఆసుపత్రికి పీట కూడా మోసుకెళ్దామా? ఇన్ని చూశారు, అత్తయ్యగారిని ఒక్కసారి ఎక్కించి చూడాలని తోచలేదా?"

పార్థసారథి తల్లిని మళ్ళీ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నాక, పప్పన్నం కలుపుకుంటూ మెల్లగా అన్నాడు.

"ఆ బండి వద్దని రామచంద్రానికి చెప్పేశాను. చిన్న కారు చూద్దాం. ముందు అమ్మ ఎక్కి కూర్చుంటుంది, ఆ తర్వాతే బేరం."